నెల్లూరులో ఒక పగలు, బస్సులో ఒక రాత్రి: బ్యాగు తగిలించుకుని గుళ్ళు చూసేవారికి సమగ్ర మార్గదర్శి

నెల్లూరులో తెల్లవారుజామున దిగి, పగలంతా గుళ్ళు చూసుకుని, రాత్రి బస్సెక్కి వెళ్ళిపోవచ్చు. రాత్రి బసకు లాడ్జి అక్కర్లేదు. జొన్నవాడ కామాక్షమ్మ, నరసింహకొండ, మూలాపేట మూలస్థానేశ్వరుడు, పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథుడు - ఈ నాలుగూ ఒక పగటికి సరిపోతాయి. ఐదోది ఇరికిస్తే ఏదీ సరిగ్గా చూసినట్టుండదు.

చాలామంది ప్లాన్ తప్పేది ఒకేచోట. దగ్గర్లోనే ఉంది కదా అని దిగగానే రంగనాథస్వామి గుడికి వెళ్తారు. తర్వాత టిఫిన్, కాఫీ. జొన్నవాడ బస్సు ఎక్కేసరికి పదిన్నర దాటుతుంది. అమ్మవారి దర్శనమైతే దొరుకుతుంది గానీ, వెనక్కి వచ్చి నరసింహకొండ ఎక్కేసరికి తలుపులు వేసేసి ఉంటాయి. అక్కణ్ణుంచి సాయంత్రం నాలుగుదాకా ఎండలో ఏం చేయాలో తోచదు. ఈ వైపు గుళ్ళు మామూలుగా ఉదయం ఆరు, ఆరున్నరకు తెరిచి పన్నెండు, ఒంటిగంట మధ్య మూస్తారు. మళ్ళీ నాలుగు, నాలుగున్నరకు తెరిచి రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరదాకా ఉంచుతారు. అందుకని ముందు ఆ మధ్యాహ్నపు నాలుగు గంటలు ఎక్కడ గడపాలో తేల్చుకోండి, గుళ్ళ వరస తర్వాత దానంతట అదే కుదురుతుంది. దూరం గుళ్ళు పొద్దున, ఊళ్ళో గుళ్ళు సాయంత్రం. ఊళ్ళోవాటికి కాస్త ఆలస్యమైనా ఆటోలో పదినిమిషాల పని. జొన్నవాడలో చీకటిపడ్డాక బస్సు తప్పితే మాత్రం రాత్రి బస్సుకే ముప్పు.

ఏ రోజు వెళ్ళాలి

మంగళ, బుధ, గురువారాలు మంచివి. శుక్రవారం జొన్నవాడలో అమ్మవారికి రద్దీ, శనివారం నరసింహకొండకు, రంగనాథస్వామికి రద్దీ. సోమవారం శివాలయాల్లో జనం ఉన్నా త్వరగానే కదులుతారు.

రద్దీ ఇష్టంలేనివాళ్ళు తప్పించుకోవలసిన రోజులు కొన్ని ఉన్నాయి. ముక్కోటి ఏకాదశినాడు రంగనాథస్వామి గుడి క్యూ వీధుల్లోకి వస్తుంది. జొన్నవాడ, నరసింహకొండ బ్రహ్మోత్సవాలు రెండూ వైశాఖంలోనే, అంటే మే నెల అటూ ఇటూ. ఉత్సవం చూడాలనుకుంటే అదే సరైన సమయం, కానీ నాలుగు గుళ్ళ ప్లాన్ వదిలేసుకోవాలి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరిగే రోజుల్లో ఊళ్ళో లాడ్జీలు, బయటికి వెళ్ళే బస్సులు రెండూ నిండిపోతాయి. తేదీలు ఏటా మారతాయి కాబట్టి బుక్ చేసే ముందు క్యాలెండర్ చూడండి.

అక్టోబరు నుంచి డిసెంబరుదాకా ఇక్కడ అసలు వానాకాలం. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ప్రయాణం పెట్టుకోవద్దు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ దెబ్బతింది, రైలు పట్టాలూ దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు నెల్లూరు నుంచి ఉత్తరంగా పోయే దారులన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరిదాకా తిరగడానికి హాయిగా ఉంటుంది. ధనుర్మాసంలో వైష్ణవాలయాలు ఇంకా పెందలాడే తెరుస్తారు, అదీ కలిసొస్తుంది.

బ్యాగు సంగతి ముందు

పెద్ద బ్యాగు వీపున వేసుకుని గుళ్ళు తిరగొద్దు. బరువు ఒక్కటే ఇబ్బంది కాదు. క్యూలో వెనకవాళ్ళకు తగులుతుంది, గర్భాలయం ముందు వంగితే ముందుకు జారుతుంది, చెప్పుల స్టాండ్‌వాళ్ళు అంత పెద్ద బ్యాగు పెట్టుకోరు. బయట వదిలితే మనసంతా దానిమీదే ఉంటుంది.

మూడు దారులున్నాయి. బస్టాండ్‌లో క్లోక్ రూమ్ తెరిచి ఉంటే అది చవక. రైల్లో దిగినవాళ్ళకు రైల్వే క్లోక్ రూమ్. అక్కడ టికెట్ చూపాలి, బ్యాగుకు తాళం ఉండాలి. జిప్పులు రెండూ కలిపి వేసే చిన్న తాళం లేకపోతే తీసుకోరు, అది ఇంటి దగ్గరే కొనుక్కుని రండి. మూడోది, బస్టాండ్ చుట్టుపక్కల లాడ్జీల్లో ఫ్రెషప్ కోసం రెండు మూడు గంటలకు ఇచ్చే గది. స్నానం అయ్యాక బ్యాగు సాయంత్రందాకా రిసెప్షన్‌లో ఉంచుతారా అని గది తీసుకునే ముందే అడగండి. డబ్బు కట్టేశాక అడిగితే జవాబు మారుతుంది. ఆధార్ ఒరిజినల్ అడుగుతారు.

ఎక్కడ పెట్టినా రెండు సంగతులు కనుక్కోండి: రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, మధ్యలో భోజనానికి మూస్తారా. పది గంటల బస్సు పెట్టుకుని తొమ్మిదికి వెళ్తే తాళం వేసి ఉండటం అరుదేమీ కాదు.

వెంట ఉంచుకోవలసింది ఒక చిన్న గుడ్డ సంచి. అందులో లీటరు నీళ్ళ సీసా, తువ్వాలు, ఫోను, పవర్ బ్యాంకు, గుర్తింపు కార్డు, చెప్పులు చుట్టి పెట్టుకోవడానికి ఒక కవరు. పది, ఇరవై రూపాయల నోట్లు ఓ రెండొందలకు మార్చుకోండి. చెప్పుల దగ్గర, హారతి పళ్ళెంలో, పల్లెవెలుగు కండక్టర్ దగ్గర ఐదొందల నోటు తీస్తే మీకూ వాళ్ళకూ తలనొప్పే. నిక్కర్లు వద్దు. పంచె, లుంగీ, ప్యాంటు, చీర, చుడీదార్ ఏదైనా సరే.

ఉదయం ఆరున్నర: జొన్నవాడ

నెల్లూరులో "బస్టాండ్" అంటే చాలదు. హైదరాబాదు, బెంగళూరు, తిరుపతి బస్సులు ఆగేది ఆర్టీసీ మెయిన్ బస్టాండ్. పడమటి ఊళ్ళకు పోయేవి ఆత్మకూరు బస్టాండ్ నుంచి. మద్రాసు బస్టాండ్ అనే పేరు కూడా ఊళ్ళో వినపడుతుంది. ఆటో ఎక్కేటప్పుడు పేరు పూర్తిగా చెప్పండి. పొద్దున మీకు కావలసింది ఆత్మకూరు బస్టాండ్.

జొన్నవాడ అక్కణ్ణుంచి సుమారు 12 కిలోమీటర్లు. పెన్న దాటి అవతలి ఒడ్డున ఉంటుంది. బస్సులో ముప్పావుగంట వేసుకోండి. ఆంధ్రప్రదేశ్ మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. ఆధార్ లాంటి రాష్ట్ర చిరునామా ఉన్న కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోకూడదు. రాత్రి ఎక్కే సూపర్ లగ్జరీకి, ఏసీ బస్సులకు ఇది వర్తించదు.

ఈ నాలుగింట్లో మూడు క్షేత్రాలను ఒకే రోజు చూడటానికి ఒక కారణం స్థలపురాణంలోనే ఉంది. కశ్యప మహర్షి ఇక్కడ యజ్ఞం చేసినప్పుడు మూడు హోమగుండాల నుంచి జొన్నవాడ మల్లికార్జునుడు, వేదగిరి నరసింహుడు, తల్పగిరి రంగనాథుడు వెలిశారని చెబుతారు. మూడూ పెన్న ఒడ్డునే ఉన్నాయి. జొన్నవాడలో స్వామి మల్లికార్జునుడైనా ఊరికి పేరు తెచ్చింది కామాక్షి తాయి. అమ్మవారి ముందు శ్రీచక్రం ఆదిశంకరులు ప్రతిష్ఠించిందని నమ్మకం.

పొద్దున్నే వెళ్తే మండపాల్లో జనం పడుకుని కనిపిస్తారు. వాళ్ళు బస దొరక్క పడుకున్నవాళ్ళు కాదు. ఒంట్లో, మనసులో బాగోలేనివాళ్ళను, సంతానం లేనివాళ్ళను తీసుకొచ్చి పెన్నలో స్నానం చేయించి గుళ్ళో రాత్రి నిద్ర చేయించడం ఇక్కడి మొక్కు. తడి చీర కొంగు పిండుకుంటూ ప్రదక్షిణ చేసే ఆడవాళ్ళు, గోడకు ఆనుకుని కూర్చోబెట్టిన పిల్లాడు, పక్కనే సద్ది క్యారియరు - ఇవన్నీ ఫోనుకు బొమ్మలు కావు. కాళ్ళు తగలకుండా పక్కగా నడవండి. ఎవరైనా ఊగిపోతూ అరుస్తుంటే నిలబడి చూడకండి. బ్రహ్మోత్సవాల్లో సంతానం కోరేవాళ్ళకు కొడిముద్దలనే ప్రసాదం పెడతారు, ఆ రోజు జనసందోహం చెప్పనలవి కాదు.

పెన్నలో దిగాలనుకుంటే ఘాట్ మెట్లదాకానే. నది పైకి పాదం లోతే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇసుక తవ్విన గుంతలు నీళ్ళ కింద కనపడవు, రెండడుగులు ముందుకేస్తే నడుం దాటి మునిగిపోవచ్చు. పైన సోమశిల నుంచి నీళ్ళు వదిలిన రోజుల్లో అసలు దిగొద్దు.

దర్శనానికి గంట చాలు. ఎనిమిదిన్నరకల్లా తిరుగు బస్సు దగ్గర ఉండండి. నైవేద్యం వేళ తెర వేస్తే పది ఇరవై నిమిషాలు ఆగాలి, ఆ వ్యవధి కూడా లెక్కలో కలుపుకోండి. టిఫిన్ నెల్లూరు వచ్చాక చేస్తే టైము కలిసొస్తుంది.

పది గంటలు: నరసింహకొండ

జొన్నవాడ ఒడ్డున నిలబడి చూస్తే నది అవతల నరసింహకొండ ఎదురుగానే ఉంటుంది. మ్యాప్‌లో అయితే గీత గీసినంత దూరం. రోడ్డున మాత్రం నెల్లూరు మీదుగా చుట్టి రావాలి. నీళ్ళు లేని కాలంలో ఇసుక మీద నడిచి దాటేద్దామన్న ఆలోచన వస్తుంది, వద్దు. గుంతల సంగతి పైన చెప్పిందే.

నెల్లూరు నుంచి కొండ 15 కిలోమీటర్ల లోపే. బస్సులు తక్కువ కాబట్టి ఆటో మాట్లాడుకోవడమే నయం. యాప్‌లో బుక్ చేసుకుని వెళ్తే పోవడానికి బండి దొరుకుతుంది, తిరిగి రావడానికి దొరకదు. కొండ దగ్గర ఖాళీ బండ్లు తిరగవు. అందుకని బేరం ఇలా ఆడండి: "అన్నా, నరసింహకొండ, పైన గుడి దాకా, రానూ పోనూ, పైన గంట వెయిటింగు, మొత్తం కలిపి ఎంత?" ఈ ఐదు ముక్కల్లో ఏది వదిలేసినా గొడవ అక్కడే మొదలవుతుంది. "పైన గుడి దాకా" అనకపోతే కొండ కింద దింపేస్తారు. "వెయిటింగు" అనకపోతే దర్శనం మధ్యలో ఫోన్లు వస్తాయి. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే రేటు తెలిసిపోతుంది. డబ్బు మొత్తం తిరిగొచ్చాకే ఇవ్వండి. నలుగురుంటే జొన్నవాడ, నరసింహకొండ రెండూ కలిపి ఒకే ఆటో మాట్లాడుకోవడం మేలు, గంట మిగులుతుంది.

వేదగిరి లక్ష్మీనరసింహస్వామి కొండ మీద ఉంటాడు. సప్తఋషులు తపస్సు చేశారని చెప్పే ఏడు కోనేళ్ళు కొండ మీదే ఉన్నాయి. వేసవిలో వాటిని నిండుగా చూడాలని మాత్రం ఆశపడకండి, వానాకాలం తర్వాత వాటి అందం వేరు. పైనుంచి పెన్న వంపు, అవతల జొన్నవాడ కనిపిస్తాయి. ఈ నాలుగింట్లో ఫొటోలకు బాగుండేది ఇదే చోటు. గర్భాలయంలో మాత్రం ఫోను జేబులోనే ఉండాలి.

పదకొండు దాటితే రాతి బండ కాలిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా చెప్పులు విప్పిన చోటి నుంచి గడపదాకా నడవడమే పెద్ద పరీక్ష. నీడ పడ్డ వైపు నుంచి నడవండి, తెల్ల సున్నపు పట్టీ వేసి ఉంటే దానిమీద నడవండి. తువ్వాలు తడిపి పాదాలు తుడుచుకుని వెళ్తే కాసేపు ఆగుతుంది. కోతులుంటే చేతిలో అరటిపండు, ప్లాస్టిక్ కవరు కనపడనివ్వకండి.

పదకొండున్నరకు కొండ దిగండి.

మధ్యాహ్నం

భోజనానికి ట్రంకు రోడ్డు, గాంధీబొమ్మ సెంటర్, మెయిన్ బస్టాండ్ చుట్టుపక్కల మీల్స్ హోటళ్ళున్నాయి. పన్నెండున్నరకు వెళ్తే కూర్చోవడానికి చోటుంటుంది, ఒకటిన్నరకు వెళ్తే తినేవాడి వెనక నిలబడాలి. నెల్లూరు వచ్చి చేపల పులుసు తినకుండా పోతారా అంటే, సాయంత్రం రెండు గుళ్ళున్నాయి కాబట్టి చాలామంది మానుకుంటారు. రాత్రికి వాయిదా వేస్తే ఇంకో చిక్కు. మామిడికాయ, చింతపండు, కారం దిట్టంగా పడ్డ పులుసు తిని తొమ్మిది గంటలు బస్సులో కూర్చుంటే కడుపు ఊరుకోదు. కారం దోశదీ అదే కథ. మొక్కుబడి లేనివాళ్ళు మధ్యాహ్నమే తినేయడం తెలివైన పని. మలై కాజా కొనుక్కోవచ్చు గానీ పాల సరుకు, రెండు రోజుల్లో తినేయాలి.

తర్వాత రెండు గంటలు ఎక్కడో ఒకచోట కళ్ళు మూసుకోండి. ఫ్రెషప్ గదిని పొద్దున స్నానానికి తీసుకోకుండా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగుదాకా తీసుకోవడం ఇంకా మంచి లెక్క. పొద్దున బస్టాండ్ స్నానాల గదితో సరిపెట్టుకుంటే, మధ్యాహ్నం అదే డబ్బుతో స్నానం, నిద్ర, ఫోన్ ఛార్జింగు మూడూ అవుతాయి. రాత్రి బస్సులో నిద్ర ఎలాగూ సగమే.

సాయంత్రం: మూలాపేట, రంగనాయకులపేట

నాలుగున్నరకు మూలాపేట. భువనేశ్వరీ సమేత మూలస్థానేశ్వరస్వామి నెల్లూరుకే మూలమని ఊళ్ళోవాళ్ళు అంటారు. ఉసిరిచెట్టు కింద వెలిసిన లింగమని కథ. అరగంటలో అయిపోతుంది.

ఐదున్నరకు రంగనాథస్వామి గుడి. ముందు ఏడంతస్తుల గాలిగోపురాన్ని బయట నిలబడి తీరిగ్గా చూడండి, సాయంత్రపు ఎండ పడితే కలశాలు మెరుస్తాయి. లోపల శేషశయనుడైన స్వామి, రంగనాయకి అమ్మవారు, అద్దాల మండపం. శయనమూర్తి కాబట్టి ముఖం నుంచి పాదాలదాకా ఒక వరసలో చూడాలి. చాలామంది ముఖం చూసి దణ్ణం పెట్టుకుని కదిలిపోతారు, పాదాల వైపు చూపే మర్చిపోతారు. 13వ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన పెన్న ఒడ్డున ఈ చుట్టుపక్కలే భారతం రాశాడని ఊళ్ళో చెప్పుకుంటారు. దర్శనమయ్యాక ఒడ్డుకు వెళ్ళి కూర్చోవడానికి అరగంట మిగుల్చుకోండి. ఏడింటికల్లా అక్కణ్ణుంచి బయల్దేరాలి.

రాత్రి బస్సు: ఏది, ఎక్కడ, ఎన్నింటికి

ముందు దూరం చూసుకోండి. హైదరాబాదు సుమారు 450 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర నుంచి పది గంటలు. ఒంగోలు, అద్దంకి, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా పోతుంది. బెంగళూరు 380 కిలోమీటర్ల దరిదాపు, తిరుపతి, చిత్తూరు, కోలారు మీదుగా. ఈ రెండూ రాత్రి బస్సుకు సరిగ్గా సరిపోతాయి, తొమ్మిదిన్నర నుంచి పదిన్నర మధ్య ఎక్కితే తెల్లవారి దిగుతారు. విజయవాడ 275 కిలోమీటర్లే. పదికి ఎక్కితే మూడున్నరకు దింపేస్తారు, ఆ వేళప్పుడు ఎటూ పోలేరు. పన్నెండు దాటాక ఉన్న బస్సు చూసుకోండి. చెన్నై 175 కిలోమీటర్లు, దానికి రాత్రంతా ప్రయాణమనే మాటే లేదు.

పన్నెండు దాటిన బస్సు అన్నప్పుడు తేదీ జాగ్రత్త. శుక్రవారం రాత్రి పన్నెండుంబావు బస్సంటే టికెట్ మీద శనివారం తేదీ ఉండాలి. శుక్రవారం తేదీతో బుక్ చేస్తే ఆ బస్సు గురువారం రాత్రే పోయి ఉంటుంది. ఈ పొరపాటుకు డబ్బు వాపసు రాదు.

నెల్లూరు నుంచే బయల్దేరే బస్సును ఎంచుకోండి. చెన్నై నుంచో తిరుపతి నుంచో వచ్చి నెల్లూరు మీదుగా పోయేవి అక్కడే ఆలస్యమవుతాయి, ఒక్కోసారి గంటకు పైగా. పైగా చాలా ప్రైవేటు బస్సులు ఊళ్ళోకి రావు. అయ్యప్పగుడి, మినీ బైపాస్, వేదాయపాలెం లాంటి చోట్ల ఎక్కించుకుంటాయి. టికెట్ మీద "నెల్లూరు" అని చూసి మెయిన్ బస్టాండ్‌లో కూర్చుంటే బస్సు హైవే మీద వెళ్ళిపోతుంది. బోర్డింగ్ పాయింట్ పేరు చదివి, గంట ముందు ఫోన్ చేసి, రోడ్డుకు ఏ వైపు నిలబడాలో కూడా అడగండి. ఒంగోలు వైపు పోయే బస్సుకు ఒక పక్క, తిరుపతి వైపు పోయేదానికి రెండో పక్క. బస్సు హెడ్‌లైట్లు కనిపించాక డివైడర్ దూకడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఆర్టీసీలో సూపర్ లగ్జరీ అంటే ఏసీ లేని పుష్‌బ్యాక్ సీట్లు. ఇంద్ర ఏసీ సీట్లు. అమరావతి, గరుడ, డాల్ఫిన్ క్రూజ్ ఇంకా పైస్థాయి ఏసీ బస్సులు. స్టార్ లైనర్ ఏసీ లేని స్లీపర్, వెన్నెల ఏసీ స్లీపర్. నైట్ రైడర్‌లో సీట్లూ బెర్తులూ రెండూ ఉంటాయి. సీట్ల బస్సులో మధ్య వరసలు తీసుకోండి. ఆఖరి వరస ఎగిరెగిరి పడుతుంది, ముందు వరసలో ఎదురు బండ్ల లైట్లు కంట్లో కొడతాయి. స్లీపర్‌లో ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఒక్క బెర్తు ఉండే వైపు చూసుకోవాలి. లేకపోతే ముక్కూ మొహం తెలియనివారి పక్కన పడుకోవాల్సొస్తుంది. కింది బెర్తుకు కుదుపు తక్కువ. ఏసీకి దుప్పటి ఇస్తారనే నమ్మకం పెట్టుకోకుండా శాలువా, సాక్సులు పైన ఉంచుకోండి.

ఏడున్నరకు ఇడ్లీ, పెరుగన్నం లాంటిది తినండి. ఎనిమిదింబావుకు బ్యాగు తీసుకుని తొమ్మిదికల్లా ఎక్కే చోట ఉండండి. పెద్ద బ్యాగు డిక్కీలో పెడితే ట్యాగు అడగండి, ఇవ్వకపోతే బ్యాగు ఏ వైపు డిక్కీలో ఉందో గుర్తు పెట్టుకోండి. డబ్బు, కార్డులు, ఫోను, మందులు చిన్న సంచిలో, ఆ సంచి పట్టీ చేతికి చుట్టుకుని పడుకోండి.

ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూడండి. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర ప్రైవేటు బస్సు తగలబడి నిద్రలో ఉన్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అద్దాన్ని మధ్యలో కాకుండా మూల మీద కొడితే త్వరగా పగులుతుంది. తలుపు దారికి అడ్డంగా బ్యాగులు పెడుతుంటే అక్కడే అభ్యంతరం చెప్పండి.

దారిలో ధాబా దగ్గర ఆపినప్పుడు దిగేముందు బస్సు నంబరు ఫొటో తీసుకోండి. ఒకే రంగు బస్సులు నాలుగైదు వరసగా ఆగుతాయి, చీకట్లో ఏది మనదో తెలియదు. ఎంతసేపు ఆపుతారో డ్రైవర్నే అడగండి, పక్క సీటాయన మాట నమ్మొద్దు.

హైదరాబాదు బస్సులు ఎల్బీ నగర్ వైపు నుంచి ఊళ్ళోకి వస్తాయి. మెట్రో ఆరింటికి మొదలవుతుంది కాబట్టి అప్పటికి చేరే బస్సయితే అక్కడే దిగడం నయం, ట్రాఫిక్‌లో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా కూర్చోనక్కర్లేదు. బెంగళూరుకు హోస్కోటె దాటాక కేఆర్ పురం దగ్గర మెట్రో అందుతుంది. దిగాల్సిన చోటికి అరగంట ముందు మోగేలా అలారం పెట్టుకుని, ఎక్కడ దిగుతారో ఎక్కేటప్పుడే క్లీనర్‌కు చెప్పి ఉంచండి.